లాక్ పట్టని బోర్డు

"...పోయిన దసరా కాడి నుంచి తీసేయమని చెప్తనే ఉన్న. ఇంట్ల మనుషులు పండుకోనీకి జాగ లేదు గానీ, నీ పచ్చ రేకులకు మంచం కింద గూడ జాగ గావాలె."

"రేకులు గావు శ్యామలా. బోర్డులు."

"ఏదైతేంది. బువ్వ పెడ్తయా?"

"పెట్టినయి గదా గిన్నేండ్లు."

"పెట్టినయి. గిప్పుడు తేళ్లను పెడ్తున్నయి. నిన్న గా అట్టపెట్టె జరిపితే ఇంత తేలు. నీకేమన్న అనిపిస్తదా అసలు?"

వెంకటనారాయణ గడప బయటే ఆగిపోయాడు. మొగుడూ పెళ్లాల మధ్య మాట నడుస్తుంటే లోపలికి అడుగు పెట్టడం అతనికి చేతకాదు. ఎక్కడో ఒక చోట వాళ్లు ఊపిరి తీసుకుంటారు, అప్పుడు దగ్గవచ్చు అనుకుని నిలబడ్డాడు. చేతుల్లో చీర చుట్టిన సీపీయూ డబ్బా ఉంది. బరువుకు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

చివరికి శ్యామలే చూసింది. "ఇగో, ఇంకో రేకు మోస్కోని వచ్చిండు," అని మొగుడితో అని, అంతలోనే, "మిమ్ముల గాదు సారూ, లోపటికి రాండ్రి," అంటూ స్టూలు ముందుకు జరిపింది.

కొత్తగూడెం బస్టాండు ఎదురు సందులో ప్రభాకర్‌ది కంప్యూటర్ రిపేరు దుకాణం. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. రిపేరు చేసేవాళ్లు భద్రాచలంలో లేక కాదు. వాళ్లంతా ఆ డబ్బాను చూడగానే కొత్తది కొనుక్కోమన్నారు. ప్రభాకర్ ఒక్కడే ఫోనులో, "డబ్బా ఉంచుదం, మానిటర్ ఉంచుదం, లోపట బోర్డు, ప్రాసెసర్ మారుస్తే సాలు. నాలుగేండ్లు వాడిన జత నా దగ్గరున్నది," అన్నాడు. ఆ మాట పట్టుకుని వెంకటనారాయణ గోదావరి వంతెన దాటి, పాల్వంచ మీదుగా, డబ్బాను ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. దెబ్బ తగలకుండా ఇంట్లో ఉన్న పాత నూలు చీర చుట్టాడు. కండక్టర్ దాన్ని చూసి, "చీర కట్టినవ్ గదా సారూ, దీనికి గూడ ఆడోళ్ల జీరో టికెట్ కొట్టాల్నా?" అంటే బస్సంతా నవ్వింది. వెంకటనారాయణ కూడా నవ్వాడు. ఆ చీర అతని భార్య సునందది. ఆమె మధిర వెళ్లి పద్నాలుగేళ్లయింది.

"మొత్తం ఎనిమిది వేలల్లో అయిపోవాలి ప్రభాకర్," అన్నాడు స్టూలు మీద కూర్చుని.

"బోర్డు, ప్రాసెసర్, దీనికి పట్టే ర్యామ్, ఇంకో చిన్న డిస్కు. పాత డిస్కు గూడ లోపటనే ఉంటది. ఎనిమిది వేల మూడొందలు."

"ఎనిమిదే ఉన్నాయి."

ప్రభాకర్ డబ్బా పక్క రేకు విప్పి లోపలికి చూశాడు. దుమ్ము దూదిలా పేరుకుంది. ఒక మూల బల్లి గుడ్డు పెంకు ఉంది. "పదిహేడేండ్లు నడిచిందా ఇది? దీనికి దండెయ్యాలె సారూ. సరే, పాత బోర్డు నాకే ఇడిసిపెట్టు. మూడొందలు అండ్ల పోతయి."

వెంకటనారాయణ మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. వెనక గది నుంచి శ్యామల, "ఇగ దాన్ని ఏడ పండబెడ్తవో నువ్వే చెప్పు," అనడం వినిపించింది.

*

భద్రాచలంలో అతన్ని అందరూ టైపు సారు అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది.

మధిర పక్క ఊరు వాళ్లది. టైపు లోయరు, హయ్యరు రెండూ పాసయ్యాడు. ఇక్కడ ఒక సహకార సంఘంలో గుమాస్తాగా చేరితే, మూడేళ్లకు సంఘమే మూతపడింది. అప్పటికి పెళ్లయింది. ఊరికి తిరిగి వెళ్లి ఏం చేయాలో తోచక, సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే గిరిజన దర్బారు జరిగే ఆఫీసు రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకుని, కంప్యూటర్ పెట్టి అర్జీలు టైపు చేయడం మొదలుపెట్టాడు. సునంద ఆ గది వెనక వంటింట్లో మూడేళ్లు ఉంది. ఈ ఊళ్లో తనకు మాట్లాడేవాళ్లు లేరంది. నాతో మాట్లాడు అన్నాడు వెంకటనారాయణ. "మీరు మాట్లాడితే కదా," అంది. అన్నగారింట్లో పురుడు ఉందని వెళ్లింది, అక్కడే ఒక బళ్లో టీచరుగా చేరింది. తగువు లేదు, కోర్టు లేదు. ఆదివారం ఆదివారం ఫోను ఉంది.

సోమవారం తెల్లవారేసరికి చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ఇల్లందు వైపుల నుంచి జనం దిగుతారు. కోయవాళ్లు, లంబాడీలు. పోడు భూమి, పింఛను, బోరుబావి, హాస్టలు సీటు. చెప్పేది విని అతను కాగితం మీద పెడతాడు. ఒక్క అలవాటు మాత్రం మొదటి రోజు నుంచీ తప్పలేదు. టైపు చేసిన అర్జీని పైనుంచి కిందికి, తొందర లేకుండా, మనిషికి చదివి వినిపించాకే వేలిముద్ర వేయిస్తాడు. తనకు తెలియని మాట కింద మనిషి వేలు పెట్టకూడదని టైపు నేర్పిన మాస్టారు చెప్పాడు. బయట వరస పెరిగి, "జల్దీ కానియ్యి సారూ," అని కేకలేసినా చదవడం మానడు. చదివాక, "ఇది సరేనా?" అని అడుగుతాడు. వాళ్లు అవ్ అంటారు. వేలిముద్ర వేసి, కాగితం మడిచి, వెళ్లిపోతారు. మళ్లీ పనిబడితే రెండేళ్లకో ఐదేళ్లకో వస్తారు. ఒక్కో సోమవారం పదిహేను మందితో మాట్లాడతాడు. మంగళవారం మాట్లాడేందుకు ఒక్కరుండరు.

రాసిన ప్రతి అర్జీ కంప్యూటర్లో దాచాడు, ఊరి పేరు కింద మనిషి పేరుతో. పదకొండు వేల పైచిలుకు. ఎప్పుడో రాయించిన కాగితం పోయిందని ఎవరైనా వస్తే రెండు నిమిషాల్లో తీసి ఇచ్చేవాడు. ప్రింటు కాపీలు కూడా బీరువాలో ఉండేవి కానీ, మొన్నటి పెద్ద వరదలో గోదావరి గదిలోకి వచ్చినప్పుడు అతను కంప్యూటర్‌ను నెత్తిన పెట్టుకుని మేడ ఎక్కాడు. బీరువా కిందే ఉండిపోయింది.

ఇంతకాలం నడిచిన ఆ కంప్యూటర్ ఈమధ్య కొత్త దరఖాస్తుల పేజీలు తెరవడం మానేసింది. ఆన్‌లైన్లో పెట్టాలంటే జనం వేరే సెంటర్లకు పోతున్నారు. పోయినవాళ్లు అర్జీ కూడా అక్కడే రాయించుకుంటున్నారు. అక్కడ చదివి వినిపించరు. అందుకే ఈ ఎనిమిది వేల ఖర్చు.

*

శుక్రవారం ఉదయం వైర్లు తగిలించి స్విచ్చి వేశాడు. టీ తాగి వచ్చినా తెరుచుకోని పేజీ ఈసారి కుర్చీ సర్దుకునేలోపు తెరుచుకుంది. మూసి మళ్లీ తెరిచాడు. ఇంకోసారి. ఎవరికైనా చూపించాలనిపించి తలుపు వైపు చూశాడు. రోడ్డు మీద ఒక మేక ఉంది.

తరవాత సొరుగు లాగి లాక్ బయటికి తీశాడు. లాక్ అంటే బొటనవేలంత బూడిదరంగు ముక్క. అతని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చింది. దొంగ కాపీలు చేసుకోకుండా కంపెనీ పెట్టిన కట్టుబాటు. పాతకాలం ప్రింటర్లు తగిలించే వెడల్పాటి సందులో అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, అందులో రాసిన అర్జీలు కనబడతాయి. డబ్బా వెనక పదిహేడేళ్లుగా కదలకుండా ఉన్న దాన్ని, బస్సు కుదుపులకు విరుగుతుందేమోనని బుధవారం సాయంత్రం తనే ఊడదీశాడు. దూదిలో చుట్టి భద్రంగా సొరుగులో పెట్టాడు.

డబ్బాను గోడ వైపు నుంచి ఇటు తిప్పాడు. వెనక చిన్న చిన్న సందులు వరసగా ఉన్నాయి. వెడల్పాటిది లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. వేలితో తడిమాడు.

ఫోనులో ప్రభాకర్ మొదట అర్థం చేసుకోలేదు.

"లాకా? ఏం లాక్ సారూ?"

చెప్పాడు.

"గా లాక్ ఉన్నదని నాకు చెప్పాలె గదా. చెప్తే గసొంటి బోర్డు ఇద్దునా?"

"వెనక్కాల ఉండేదే కదా, చూస్తావనుకున్నా."

"ఊడదీసి ఇంట్ల పెట్టుకుంటే నేనెట్ల జూస్త?"

అదీ నిజమే. వెంకటనారాయణ, "నా పాత బోర్డు నాకిచ్చెయ్. మూడొందలు పంపిస్తా," అన్నాడు.

ప్రభాకర్ గొంతు తగ్గించాడు. "పొద్దుగాల పాత సామాన్ల లాలు వచ్చిండు సారూ. మా ఆమె అన్ని తూకానికి ఏసింది. నేను స్నానానికి పోయి వచ్చేసరికి అట్టపెట్టెలు ఖాళీ."

"లాలు దగ్గర ఉంటుందేమో."

"ఫోన్ జేసిన. ఆయన బోర్డులను ఇరగ్గొట్టి బస్తాల కుక్కుతడు. ఇరగ్గొట్టిండట."

అలాంటి సందే ఉన్న వేరే బోర్డు తెచ్చినా, పాత డిస్కు దాని మీద లేవదన్నాడు ప్రభాకర్. సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించాలంటే సీడీ కావాలి. సీడీ వరదలో పోయిన బీరువాలోదే. అమ్మిన కంపెనీ నంబరుకు చేస్తే అది ఇప్పుడు ఖమ్మంలో ఎవరో పూలకొట్టాయనది.

శనివారం ప్రభాకర్ ఒక మార్పిడి కేబుల్ బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు. డబ్బులు వద్దన్నాడు. బస్టాండులో గంటన్నర నిలబడి తెచ్చుకుని తగిలించాడు. లాక్ దానికి పట్టింది. పాత డిస్కులోంచి నొక్కితే సాఫ్ట్‌వేర్ మాత్రం లాక్ లేదనే అంది.

పాత డిస్కులో ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తున్నాయి. ఊరి పేరు నొక్కితే మనుషుల పేర్లు బారుగా వస్తాయి. మనిషి పేరు నొక్కితే తెర నిండా గళ్లూ, కొక్కేలూ, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఆదివారం పొద్దుటి నుంచి ఒక్కొక్క పేరే నొక్కుతూ కూర్చున్నాడు. ఏదో ఒకటి తెరుచుకోకపోతుందా అని. మధ్యాహ్నం అన్నం వండుకోవడం మరిచిపోయాడు. సునంద ఫోను చేసింది. బళ్లో పరీక్షల సంగతి చెప్పింది. మీ దగ్గర ఏంటి విశేషాలంటే, కంప్యూటర్ బాగు చేయించానన్నాడు.

"మంచిది. ఎప్పటి నుంచో అనుకుంటున్నారుగా," అంది.

*

సోమవారం మొదట వచ్చింది కొండమ్మ. చర్ల అవతల అడవిలో వాగు పక్క గూడెం. రాత్రి బస్టాండులో పడుకుని పొద్దున్నే వచ్చినట్టుంది, కొంగున ఇంకా గడ్డి పరకలున్నాయి. ఆమె వెనక ఇల్లందు వైపు తండా నుంచి వచ్చిన రెడ్యా చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"టైపు సారూ, నా పాత కాగితం తియ్యి. మా ముసలోడు నేను కలిసి రాయించిన్ది. సర్వేకు వస్తరట, పాత అర్జీ ఉంటే జత చెయ్యమన్నరు."

"ఏ సంవత్సరం పెద్దమ్మా?"

"పెద్ద ఎండలు గొట్టిన ఏడు. మా చిన్న పిల్ల సమర్తాడినంక."

అతను వెతకనవసరం లేదు. ఆదివారం నొక్కిన పేర్లలో అదీ ఉంది. రెండువేల తొమ్మిది, మే. తెరిస్తే గళ్లే.

"నీ దగ్గర కాగితం లేదా?"

ఆమె నడుము దగ్గర నుంచి వెదురు బొంగు తీసి, బిరడా గుడ్డ లాగి, తట్టింది. చుట్ట చుట్టిన కాగితం జారింది. ఎడమ సగం చెదలు తినేసింది. మిగిలిన సగంలో వాక్యాల చివరలు మాత్రమే ఉన్నాయి. '...సాగు చేసుకొనుచున్నాము.' '...ఎర్రగుట్ట.' '...ప్రార్థన.' కింద ఆఫీసు ముద్ర సగం, రెండు వేలిముద్రలు.

"పెద్దమ్మా," అన్నాడు వెంకటనారాయణ. "నేను కంప్యూటర్ మార్చాను. మార్చేటప్పుడు ఒక పొరపాటు చేశాను. పాతవి రావడం లేదు. నీదే కాదు, ఎవరివీ రావు."

ఆమె తెర వంక చూసి, అతని వంక చూసింది. కోపగించుకుంటుందనుకున్నాడు. కోపగించుకుంటే బాగుండేది.

"రాకుంటే ఏందయ్య. మళ్ల కొట్టు."

"ఏం రాశానో గుర్తుండాలిగా. ఆ తరవాత కొన్ని వేలు రాశాను."

"నీకు గుర్తెందుకుంటది. నాకున్నది గదా," అని ఆమె బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. గోడ వైపు చూస్తూ, తనది కాని గొంతుతో మొదలుపెట్టింది. "ఆర్యా. చర్ల మండల నివాసి, కొండమ్మ, భర్త బొజ్జయ్య అను నేను వ్రాసుకొను విన్నపము. నా భర్తయు నేనును కలిసి, వాగునకు తూర్పున గల నాలుగు ఎకరముల భూమిని గత పదునెనిమిది సంవత్సరముల నుండి సాగు చేసుకొనుచున్నాము." ఆగింది. "ఆడ నువ్వు నీళ్లు తాగినవ్."

వెంకటనారాయణ చేతులు కీబోర్డు మీద కదలలేదు.

"కొట్టవేంది?"

"కొడతాను. మెల్లగా చెప్పు."

పాత సాఫ్ట్‌వేర్లో అతని వేళ్లు చూడకుండా నడిచేవి. కొత్త కంప్యూటర్‌తో వచ్చిన తెలుగులో అక్షరాల చోటు వేరు. ఒక్కో అక్షరానికి వెతుక్కోవాలి. 'విన్నపము' రాయడానికి మూడుసార్లు తుడిచాడు. రెడ్యా వెనక నుంచి తొంగి చూసి, "సారు కొత్తగ బడికి వోతున్నట్టున్నడు," అన్నాడు.

"నువ్వు మూస్కో," అంది కొండమ్మ, అదే ఊపిరిలో, "హద్దులు. తూర్పున సోమ్లి చేను, పడమర వాగు, ఉత్తరమున ఎర్రగుట్ట, దక్షిణమున పాత మద్దిచెట్టు. సదరు భూమి తప్ప మాకు వేరొక జీవనాధారము లేదు."

మిగిలిన సగం కాగితం పక్కన పెట్టుకుని సరిచూస్తున్నాడు. ఎర్రగుట్ట దగ్గర ఎర్రగుట్ట ఉంది. 'జీవనాధారము లేదు' దగ్గర లేదు ఉంది. ఒక్క మాట తేడా రాలేదు.

"ఇవన్నీ ఎలా గుర్తున్నాయి?"

"నువ్వు సదివి ఇనిపించినవ్ గదా. ఎవలన్న ఆపి ఏం రాయించిన్రు అంటే చెప్పాలె గదా. దారి పొడుగున నేను, మా ముసలోడు అదే అనుకుంట నడిచినం. నేను మరిస్తే ఆయన, ఆయన మరిస్తే నేను. ఇంటికి వోయినంక గూడెపోళ్లకు చెప్పినం. ఇప్పటికీ మా పిల్ల పాటోలె అంటది, ఆర్యా అని."

వెంకటనారాయణ మొదటి వాక్యం దగ్గరికి వెళ్లాడు. "బొజ్జయ్య ఇప్పుడు..."

"మూడేండ్లాయె."

"మరి కీర్తిశేషులు అని పెట్టాలి."

"అప్పుడున్నడు గదయ్య. కాగితం అప్పటిది. ఉన్నట్టే ఉండనీ."

అలాగే ఉంచాడు. చివర, వేరే గీత కింద, 'ఇది చెడిపోయిన పాత అర్జీకి, అర్జీదారు నోటి మాట ప్రకారం తిరిగి రాసిన ప్రతి' అని చేర్చి తేదీ వేశాడు. ప్రింటు తీసి, ఎప్పటిలా పైనుంచి కిందికి చదివాడు. ఆమె పెదవులు అతనికంటే ఒక మాట ముందు కదులుతున్నాయి. సాగు చేసుకొనుచున్నాము దగ్గర ఆమె చేయెత్తి, సీసా వైపు చూపించింది. అతను నీళ్లు తాగాడు.

"ఇది సరేనా?"

"అవ్. కిందికి కొత్తగ పెట్టిన్ది గూడ సరే."

వేలిముద్ర వేసి, కాగితం వెదురు బొంగులో పెట్టబోయి, ఆగి, అతని దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు అడిగి అందులో పెట్టుకుంది. డబ్బులిస్తే తీసుకోలేదు. "తీసుకోకుంటే అర్జీ పారదు," అని బల్ల మీద పెట్టి, పాత సగం కాగితం కూడా మరిచిపోకుండా తీసుకుని, ఆఫీసు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లెవరూ చూడరు. వరసలో చోటు పోతుంది.

రెడ్యా బెంచీ మీదికి జరిగాడు. "నాది గూడ రాదా సారూ? మా నాయిన పేరు మీదిది. ఆయనే రాయించిండు."

"రాదు."

"అరె."

"నీకు నోటికి వచ్చా?"

"నాకేడొస్తది. మా నాయినకు వస్తది, గానీ మంచంల పడ్డడు, బస్సెక్కలేడు. మా తండాల ఇంకో నలుగురైదుగురు ముసలోళ్లకు వస్తది. తాగినప్పుడు ఒకలది ఒకలు సదువుకుంటరు, నీ గొంతువెట్టి." రెడ్యా నవ్వబోయి, ఎందుకో మానేశాడు. "మరి ఎట్ల?"

వెంకటనారాయణ తెర మీద రెడ్యా తండా పేరు నొక్కాడు. నలభై మూడు పేర్లు. కింద దాకా ఒకసారి చూశాడు. ఒక పూటలో చేరుకోగల ఆ ఊరికి అతను ఎప్పుడూ వెళ్లలేదు. చర్ల అవతలి గూడేనికీ వెళ్లలేదు. ఈ పేర్లలో ఎవరి ఇల్లూ ఎటు తిరిగి ఉంటుందో తెలియదు.

"మీ తండాకు బస్సెన్నింటికి?"

"పొద్దుగాల ఏడింటికొకటి ఇల్లందు దాకా. ఆడికెళ్లి ఆటో. ఎందుకు సారూ?"

"రేపు దుకాణం తెరవను," అన్నాడు వెంకటనారాయణ. "మీ తండాకు వస్తా. నేను అర్జీ చదివినప్పుడు విన్నవాళ్లందరినీ ఇళ్ల దగ్గర ఉండమని చెప్పు, వాళ్ల నోటి నుంచే మళ్లీ రాసుకుంటా. అక్కడ అయ్యాక మిగతా ఊళ్లు. సోమవారాలు తప్ప ఇక ఈ తలుపు తెరవను."